ఉండేది క్షణమే... అయినా తాళం వేయాల్సిందే!

కంప్యూటర్లో పనిచేసే ప్రోగ్రాములు చిత్తుకాగితాల్లాంటి ఫైళ్లను పుట్టిస్తుంటాయి. పనయ్యాక చెరిపేస్తాయి. ఆ ఫైలు పుట్టే రెప్పపాటు సమయమే దొంగలకు దారి. ఆ చిన్న సందును మూసేయడానికి మహామహా నిపుణులకే దశాబ్దాలు పట్టింది!

పండగ ముందురోజు. బస్టాండు కిటకిటలాడుతోంది. బస్సు ఇంకా పూర్తిగా ఆగనేలేదు... కిటికీల్లోంచి రుమాళ్లు, తువ్వాళ్లు, సంచులు సీట్లలో వచ్చి పడుతున్నాయి. ఓ పెద్దాయన మాత్రం నింపాదిగా కిటికీ దగ్గరకెళ్లి లోపలికి తొంగిచూశాడు. 'మూడో వరసలో సీటు ఖాళీగానే ఉంది' అనుకుని సామాను తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్లాడు. తిరిగొచ్చి బస్సెక్కేసరికి ఆ సీట్లో ఎవరో కూర్చుని పల్లీలు తింటున్నారు!

'ఇప్పుడే చూశానయ్యా, ఖాళీగా ఉంది' అంటే వినేదెవరు? చూడటానికీ కూర్చోవడానికీ మధ్య గడిచిన రెండు నిమిషాలే ఆయన సీటు పోగొట్టాయి. రుమాలు వేసినవాళ్లకు ఆ బాధ లేదు. చూడటం, పట్టుకోవడం... రెండూ ఒకే విసురులో చేసేశారు వాళ్లు.

కంప్యూటర్ లోపలా ఇదే కథ రోజూ నడుస్తుంటుంది. బస్సులో సీటు పోతే నిలబడి వెళ్లొచ్చు. కంప్యూటర్లో పోయేది పాస్‌వర్డు కావచ్చు, బ్యాంకు వివరాలు కావచ్చు, ఒక్కోసారి మొత్తం కంప్యూటరే పరాయివాళ్ల చేతుల్లోకి వెళ్లిపోవచ్చు. పిల్లలు ఆడుకునే ఓ వీడియోగేమ్ కూడా 2018లో ఈ చిక్కులోనే ఇరుక్కుంది.

చిత్తుకాగితమే... కానీ!

పిల్లలు లెక్కలు చేసేటప్పుడు పక్కనే ఓ చిత్తుకాగితం పెట్టుకుంటారు. కూడికలూ తీసివేతలూ దానిమీద చేసి, జవాబు మాత్రం నోటుబుక్కులోకి ఎక్కిస్తారు. పనయ్యాక ఆ కాగితం చెత్తబుట్టలోకి వెళ్తుంది. ప్రోగ్రాములూ అంతే. వర్డ్‌లో ఉత్తరం టైపు చేస్తుంటే, మధ్యలో కరెంటు పోయినా రాసింది మిగలడానికి అది పక్కన ఓ ప్రతి దాచుకుంటుంది. ఈమెయిల్‌కి వచ్చిన అటాచ్‌మెంటును తెరిస్తే, ముందు దాన్ని డిస్కులో ఓ మూల పెట్టుకుని ఆ తర్వాత చూపిస్తుంది. జిప్ ఫైలు విప్పినా, ప్రింటు ఇచ్చినా, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినా తెరవెనక ఇలాంటి ఫైళ్లు పుడుతూ గిడుతూ ఉంటాయి. వాటినే టెంపరరీ ఫైళ్లు- అంటే తాత్కాలిక ఫైళ్లు- అంటారు.

తాత్కాలికమే కదా అని తీసిపారేయడానికి లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు తెరిస్తే దాని తాత్కాలిక ప్రతిలోనూ అవే అంకెలుంటాయి. అసలు ఫైలును భద్రంగా దాచి ఈ ప్రతిని గాలికొదిలేస్తే... ఇంటి దస్తావేజుల్ని బీరువాలో పెట్టి తాళం వేసి, వాటి జిరాక్స్ కాపీల్ని వీధి అరుగుమీద వదిలేసినట్లే!

ఊరుమ్మడి సత్రం

ఈ కథ మొదలైంది యూనిక్స్‌తో. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో ప్రాణం పోసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఇవాళ్టి లినక్స్‌ దాని బాటలో పుట్టిందే. అప్పట్లో మనిషికో కంప్యూటర్ అన్న మాటే లేదు. ఒకే యంత్రాన్ని ఎంతోమంది పంచుకునేవారు. అందుకని అందరి చిత్తు ఫైళ్ల కోసం ఉమ్మడిగా ఓ ఫోల్డర్ పెట్టారు. దాని పేరు 'టెంప్'. ఎవరైనా రావచ్చు, ఏదైనా పెట్టుకోవచ్చు- అచ్చంగా ఊరుమ్మడి సత్రంలా!

సత్రమన్నాక ఒకరి మూటను ఇంకొకరు పట్టుకుపోయే ప్రమాదం ఉంటుంది కదా. టెంప్‌లోనూ అదే బెడద. ఒకరి ఫైలును మరొకరు చెరిపేయొచ్చు, ఆ పేరుతో తమ ఫైలు పెట్టేయొచ్చు. దీనికి విరుగుడుగా 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు తమ యూనిక్స్‌లో ఓ నియమం తెచ్చారు. సత్రంలో ఎవరైనా సామాను దించుకోవచ్చు... కానీ ఎవరి సామాను వాళ్లే ఎత్తుకోవాలి. 'స్టికీ బిట్' అనే ఆ ఏర్పాటు ఇప్పటికీ లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తూనే ఉంది.

దాంతో సగం సమస్య తీరింది. మిగిలిన సగమే అసలు తిరకాసు. ఉన్న సామాను తీయకూడదు సరే... కొత్త సామాను పెట్టడానికి ఎవరికీ అడ్డులేదు కదా!

రెప్పపాటులో...

తాత్కాలిక ఫైలు కావాలంటే ముందు దానికో పేరుండాలి. ఆ పేరు అప్పటికే ఇంకో ఫైలుకు ఉండకూడదు. అందుకోసం యూనిక్స్‌లో 'ఎంకేటెంప్' అనే సదుపాయం ఉండేది. 'ఈ పేరుతో ఫైలేదీ లేదు, వాడుకో' అని అది ఓ పేరు చెబుతుంది. ఆ తర్వాత ప్రోగ్రాము వెళ్లి ఆ పేరుతో ఫైలు తెరుస్తుంది. వినడానికి ఎంతో పద్ధతిగా ఉంది. కానీ ఇది కిటికీలోంచి చూసి, సామాను కోసం వెళ్లిన పెద్దాయన పనే! పేరు చెప్పడానికీ ఫైలు తెరవడానికీ మధ్య రవ్వంత సందు ఉంది. అది సెకనులో వెయ్యోవంతు కూడా ఉండకపోవచ్చు. దొంగకు అది చాలు. ఎందుకంటే ఒకసారి గురి తప్పితే వాడు మళ్లీ ప్రయత్నిస్తాడు. కంప్యూటర్‌కి బోలెడు పని అప్పగించి నెమ్మదించేలా చేస్తాడు. వందసార్లు తప్పినా నూటొకటోసారి తగిలితే చాలు.

ఆ సందులో వాడు చేసే పనేంటి? అదే పేరుతో ఓ 'సింబాలిక్ లింక్' పెట్టేస్తాడు. ఇది నిజమైన ఫైలు కాదు. 'ఇక్కడ కాదు, ఫలానా చోటికి వెళ్లు' అని దారి చూపే బాణం గుర్తు లాంటిది. మామూలు ప్రోగ్రాము ఆ బాణం వెంట పోతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కానీ కంప్యూటర్లో 'రూట్' అని ఓ సర్వాధికారి ఉంటాడు. ఇంట్లోని గదులన్నింటి తాళంచెవులూ బొడ్లో దోపుకున్న పెద్దమ్మలాంటి హోదా అది. దొంగ దగ్గర ఆ తాళాలు లేవు. వాడు చేసేదల్లా బాణాన్ని తిప్పడం. పెద్దమ్మ చేతిలో చెత్త ఉంది... చెత్తకుండీ వైపు ఉండాల్సిన బాణం దేవుడి గది వైపు తిరిగింది. ఆమె అటే నడిచింది, తలుపు తెరిచింది, చెత్తంతా అక్కడే కుమ్మరించింది. రూట్ హోదాలో నడిచే ప్రోగ్రాము కూడా అలాగే, తను రాస్తున్నది చిత్తు ఫైల్లోనే అనుకుంటూ కంప్యూటర్లోని పాస్‌వర్డుల జాబితామీద రాసేస్తుంది!

పేర్లు ఊహించడం దొంగకు కష్టం కాదా అనిపించవచ్చు. ఆరోజుల్లో అదీ సులువే. చాలామంది ప్రోగ్రామర్లు ఫైలు పేరుకి చివర ఆ ప్రోగ్రాముకు కంప్యూటర్ ఇచ్చే వరస సంఖ్యను తగిలించి ఊరుకునేవారు. లినక్స్‌లో చాలాకాలం ఆ సంఖ్య 32 వేల చిల్లర దాటేది కాదు. అన్ని పేర్లతోనూ ముందే బాణాలు పాతిపెట్టడం కంప్యూటర్‌కి చిటికెలో పని. పాత బర్క్‌లీ యూనిక్స్‌లోని ఎంకేటెంప్ అయితే ఒక ప్రోగ్రాముకు ఇవ్వగలిగింది 26 పేర్లే!

పాతదే... పదేపదే

చూడటానికీ చేయడానికీ మధ్య వచ్చే ఈ తంటా తాత్కాలిక ఫైళ్లకే పరిమితం కాదు. కంప్యూటర్ భద్రత గురించి హెచ్చరికలు జారీచేసే సెర్ట్ సంస్థ 1993లో 'ఎక్స్‌టెర్మ్' అనే ప్రోగ్రాము గురించి జాగ్రత్తలు చెప్పింది. తెరమీద జరిగేదంతా ఫైల్లో నమోదుచేసే సౌకర్యం అందులో ఉండేది. ఆ ఫైల్లో రాసే హక్కు వాడుతున్న వ్యక్తికి ఉందో లేదో అది చూసేది, ఆ తర్వాత తెరిచేది. ఆ మధ్యలోనే మోసం!

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన మ్యాట్ బిషప్, మైఖేల్ డిల్గర్ 1996లో ఈ తరహా లోపాలమీద ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రోగ్రాములోని ఇలాంటి సందుల్ని ముందే పసిగట్టడం ఎలాగో అందులో వివరించారు. ఆ తర్వాతైనా అంతా సర్దుకుందా అంటే... లేదు. వెబ్‌సైట్లను నడిపే అపాచీ సాఫ్ట్‌వేర్‌తోపాటు పాస్‌వర్డు ఫైళ్లు తయారుచేసే చిన్న ప్రోగ్రాము ఒకటి వస్తుంది. 2001లో చూస్తే అందులోనూ ఇదే లోపం. తాళాలు చేసేవాడి ఇంటికే తాళం లేదన్నమాట!

ఎందుకిలా పదేపదే జరుగుతుంది? ఒకటే కారణం. ఆ ప్రోగ్రాము ఎన్నిసార్లు పరీక్షించినా సజావుగానే పనిచేస్తుంది. మధ్యలో ఎవరూ రానప్పుడు పెద్దాయన సీటు కూడా భద్రమే కదా!

ఆట వెనక వేట

సెల్‌ఫోన్లు వచ్చాకా కథ మారలేదు. 2018 ఆగస్టులో 'ఫోర్ట్‌నైట్' గేమ్ ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది. పిల్లలు ఎగబడి ఆడే ఆట. దాన్ని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ గూగుల్ ప్లేస్టోర్‌లో పెట్టకుండా నేరుగా ఇవ్వాలనుకుంది. ముందు ఓ చిన్న ఇన్‌స్టాలర్ ఫోన్లోకి వస్తుంది. అది అసలు గేమ్‌ను డౌన్‌లోడ్ చేసి, సరైనదో కాదో సరిచూసి, ఆపైన ఫోన్లో ఎక్కిస్తుంది.

లోపం ఎక్కడంటే... డౌన్‌లోడ్ అయిన ఆ ఫైలు ఎక్కించేదాకా ఉండేది ఫోన్లో యాప్‌లన్నీ పంచుకునే ఉమ్మడి జాగాలో. అంటే మళ్లీ సత్రమే! అక్కడ రాసే అనుమతి ఉన్న మరో యాప్ ఏదైనా, సరిచూడటం అయిపోయిన మరుక్షణం గేమ్ ఫైలును తీసేసి తన ఫైలును పెట్టేయగలదు. ఇన్‌స్టాలర్ 'సరిచూశాను కదా' అన్న ధీమాతో దాన్నే ఎక్కించేస్తుంది. గూగుల్ ఇంజినీర్లు ఆగస్టు 15న దీన్ని ఎపిక్‌కి చెప్పారు. రెండు రోజుల్లోపే ఎపిక్ సవరించింది. వివరాలు బయటపెట్టడానికి 90 రోజులు ఆగమని కోరినా, సవరణ వచ్చిన వారానికే గూగుల్ వెల్లడించడంతో రెండు సంస్థల మధ్యా మాటల యుద్ధం కూడా నడిచింది. చివరికి చేసిన మరమ్మతు ఏమిటంటే... ఆ ఫైలును ఇతర యాప్‌లు ముట్టుకోలేని సొంత గదిలోకి మార్చడం. అంతే!

ఒకే విసురు

మరి ప్రోగ్రామర్లు ఏం చేయాలి? రుమాలు వేసినవాళ్లను చూసి నేర్చుకోవాలి. 'ఈ పేరుతో ఫైలు ఉందా' అని అడిగి, తర్వాత తెరవడం కాదు. 'ఈ పేరుతో ఏదీ లేకపోతేనే సృష్టించు, ఉంటే వద్దని చెప్పు' అని ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఒకే ఆజ్ఞగా ఇవ్వాలి. అప్పుడు చూడటం, సృష్టించడం విడదీయరాని ఒకే పనిగా జరిగిపోతాయి. మధ్యలో ఎవరూ దూరలేరు. దొంగ ముందే బాణం పాతి ఉంచినా సిస్టమ్ దాని వెంట వెళ్లదు. 'ఇక్కడేదో ఉంది' అని వెనక్కి తిరుగుతుంది. అప్పుడు ఇంకో పేరుతో ప్రయత్నిస్తే సరి.

సీ భాషలో 'ఎంకేఎస్‌టెంప్' చేసే పని ఇదే. పేరు చివర ఆరు అక్షరాల్ని అదే యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. లినక్స్‌లో ఒక్కో స్థానానికీ 62 అక్షరాలూ అంకెల్లోంచి ఏదైనా రావచ్చు. అంటే మొత్తం 5,680 కోట్ల పేర్లు! పేరు చెప్పి ఊరుకోదు, ఫైలును తెరిచి చేతికిస్తుంది. పాత ఎంకేటెంప్‌ను యూనిక్స్ ప్రమాణాల పుస్తకంలోంచి 2008లో తీసేశారు. పైథాన్ భాషలోనూ ఎంకేటెంప్ వాడొద్దని 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచే చెబుతున్నారు.

పేరు దొరికితే చాలదు, ఫైలుకు తాళమూ ఉండాలి. సృష్టించినవాళ్లు తప్ప మరొకరు చదవకూడదు, రాయకూడదు. ఆ తాళం కూడా ఫైలు పుట్టేటప్పుడే పడాలి, తర్వాత వేద్దాంలే అంటే మళ్లీ సందు ఇచ్చినట్లే. ఇక మూడో జాగ్రత్త... ఒకసారి తెరిచిన ఫైలును చేతిలోంచి వదలకూడదు. మూసేసి మళ్లీ పేరుతో వెతుక్కుంటూ వెళ్తే ఈలోగా అక్కడున్నది మారిపోయి ఉండొచ్చు. నాలుగోది, పనయ్యాక చెరిపేయడం. యూనిక్స్‌లో దీనికో చమత్కారం ఉంది. ఫైలు తెరిచిన వెంటనే దాని పేరును చెరిపేయొచ్చు. తెరిచిన ప్రోగ్రాముకు మాత్రం అది అందుబాటులోనే ఉంటుంది, పనయ్యాక తనంతట తానే మాయమవుతుంది. 2013లో లినక్స్ మరో అడుగు వేసి, అసలు పేరే లేని తాత్కాలిక ఫైలును సృష్టించే వీలు కల్పించింది. పేరే లేనిదానికి గురి ఎక్కడ పెడతారు!

జావా ప్రోగ్రామర్లకు ఇంకో ఉచ్చు ఉండేది. తాత్కాలిక ఫైలును సృష్టించే సదుపాయం ఉన్నా తాత్కాలిక ఫోల్డర్‌కి లేదు. దాంతో చాలామంది ముందు ఫైలు సృష్టించి, దాన్ని చెరిపేసి, అదే పేరుతో ఫోల్డర్ పెట్టేవారు. సీట్లో వేసిన రుమాలు తీసేసి, దులిపి, మళ్లీ వేయడం లాంటిదన్నమాట! 2011లో వచ్చిన జావా 7లో ఈ కొరత తీరింది. అయినా జావా ప్రోగ్రామర్లు విరివిగా వాడే గువావా, జేయూనిట్ 4 లైబ్రరీల్లోని తాత్కాలిక ఫోల్డర్లను అదే కంప్యూటర్‌ను వాడే ఇతరులు చూడగలరని 2020లో బయటపడింది. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా జావాతో పొట్టపోసుకుంటున్న మన పిల్లలు ఎందరో. పాత ప్రోగ్రాములను ఓసారి తిరగేసి చూసుకోవాల్సిన విషయమే ఇది.

ఎవరి గది వాళ్లదే

ప్రోగ్రామర్లందరూ ఎప్పుడూ జాగ్రత్తగా ఉంటారన్న నమ్మకం లేదు. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్‌లే పద్ధతి మార్చుకున్నాయి. ఉమ్మడి సత్రం బదులు ఎవరికి వారికి గది ఇవ్వడం మొదలుపెట్టాయి. విండోస్‌లో ఒక్కో యూజర్‌కి ఒక్కో టెంప్ ఫోల్డర్ ఉంటుంది. యాపిల్ 2007లో తెచ్చిన లెపర్డ్‌లో యూజర్‌కో తాత్కాలిక గది కట్టించింది. ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్‌కీ సొంత జాగా ఉంటుంది.

లినక్స్‌లో సత్రం అలాగే ఉంది కానీ కాపలా పెరిగింది. ఇలాంటి ఉమ్మడి ఫోల్డర్లలో పరాయివాళ్లు పాతిన బాణాల వెంట వెళ్లకుండా అడ్డుకునే ఏర్పాటు 2012లో వచ్చిన లినక్స్ 3.6లో చేరింది. ఇలాంటి ఆలోచన 1996లోనే చర్చకు వచ్చింది. పాత ప్రోగ్రాములు పనిచేయవేమో, ప్రమాణాలకు విరుద్ధమేమో అన్న వాదనలు దాటుకుని రావడానికి పదహారేళ్లు పట్టింది! విండోస్‌లో సర్వాధికారంతో నడిచే ప్రోగ్రాములకు, మిగతావాళ్లు తొంగిచూడలేని వేరే తాత్కాలిక ఫోల్డర్ 2021లో వచ్చిన విండోస్ 11తో అందింది.

అర్ధరాత్రి ఫోన్లు!

తాత్కాలిక ఫైలు పేరు మార్చడం వెనక ఓ సరదా కథ కూడా ఉంది. 'ఎస్‌క్యూలైట్' అనేది ఎన్నో సాఫ్ట్‌వేర్లలో వాడే చిన్న డేటాబేస్. మెకాఫీ సంస్థ తన యాంటీవైరస్‌లో దీన్ని వాడుకుంది. దాంతో జనం కంప్యూటర్లలోని టెంప్ ఫోల్డర్లో ఎస్‌క్యూలైట్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లు కనిపించసాగాయి. 'ఇదేదో తేడాగా ఉందే' అని వాళ్లు గూగుల్‌లో వెతికి, దాన్ని తయారుచేసినవాళ్ల ఫోన్ నంబర్లు పట్టుకుని అర్ధరాత్రిళ్లు నిద్రలేపి తిట్టేవాళ్లట! తట్టుకోలేక 2006లో వాళ్లు ఆ ఫైళ్ల పేరులోని ఇంగ్లిష్ అక్షరాల్ని వెనక నుంచి ముందుకు రాశారు. ఆ తిరగేసిన పేరును విప్పగలిగేంత తెలివైనవాళ్లకి, ఫోన్ చేసి లాభం లేదన్న సంగతీ తెలుస్తుందని వాళ్ల లెక్క. ఈ ముచ్చటంతా ఆ సాఫ్ట్‌వేర్ లోపలే వాళ్లు రాసిపెట్టారు.

మన వంతు

ప్రోగ్రాము రాయని మనకు ఇందులో పనేముంది అనుకోవద్దు. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడుతుంటే నలుగురికీ వేర్వేరు యూజర్ ఖాతాలు పెట్టాలి. దాంతో తాత్కాలిక ఫైళ్ల గదులూ వేరవుతాయి. పిల్లల ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వకపోవడం మంచిది.

'అప్‌డేట్ చేయండి' అన్న సందేశం వస్తే వాయిదా వేయకూడదు. పైన చెప్పుకున్న సందుల్ని మూసే మరమ్మతులన్నీ అలాగే ఇంటికి చేరతాయి. ఫోన్లో టార్చిలైటు యాప్ 'ఫైళ్లన్నీ చూడనివ్వు' అని అడిగితే, ఎందుకని ఓ క్షణం ఆలోచించాలి.

విండోస్ 10, 11 సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో తాత్కాలిక ఫైళ్లను తొలగించే వీలుంది. అయితే ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా కనిపిస్తుంది. చూసుకోకుండా టిక్కు పెడితే దాచుకున్నవీ పోతాయి, జాగ్రత్త!

జిరాక్స్ సెంటర్లో, నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుంటే పని కాగితం చేతికొచ్చినంతలో అయిపోదు. ఫైలు అక్కడి కంప్యూటర్లో ఉండిపోయిందేమో చూసి, డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ దగ్గరుండి తీయించాలి. ఆధార్ అయితే చివరి నాలుగంకెలే కనిపించే 'మాస్క్‌డ్' ప్రతి సరిపోయే చోట దాన్నే వాడటం మేలు.

తాత్కాలికం అన్న మాటలోనే మనల్ని ఏమరుపాటులో పడేసే గుణం ఉంది. 'కాసేపే కదా' అని తలుపు దగ్గరికి వేసి వెళ్లిన ఇంట్లోనే దొంగలు పడేది. పండగ బస్సెక్కే ప్రయాణికుడికైనా, కోట్లమంది వాడే సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామర్‌కైనా సూత్రం ఒక్కటే... చూసి వెళ్లిపోకూడదు, చూసినప్పుడే రుమాలు వేసేయాలి!